పదకొండు జానలు

కద్దూరు నేలలో ఏదో దాచాడని ఊళ్ళో పుకారు పుట్టించింది యామ్నా. రొట్టెల పొయ్యి దగ్గర నలుగురు ఆడవాళ్ళు చేరితే చాలు, పిండి పిసుకుతున్నంతసేపూ ఆమె నోరు కూడా ఆడుతూనే ఉంటుంది. మొదట్లో అతనికి పిచ్చి అంది. ఎడారిలో ఇసుక ఊడ్చే కొలువు చేసేవాడికి పిచ్చి కాకపోతే ఇంకేమిటి అంది. ఎనిమిదేళ్ళు ఆ మాట మీదే ఉంది. ఈమధ్యే మాట మార్చింది. వాళ్ళ చెల్లెలి మొగుడు ఫ్రెంచివాళ్ళ స్థావరంలో వంటగిన్నెలు కడుగుతాడు. అతను కళ్ళారా చూశాడట. రోజూ తెల్లవారగానే కద్దూరు చీపురు పక్కన పెట్టి, రాకెట్లు లేపే అరుగు అంచున గొంతుక్కూచుని, ఉంగరం పోగొట్టుకున్నవాడిలా నేల వంకే చూస్తాడట. ఒక్కో అడుగూ జరుగుతూ చూస్తాడట. అంతా చూశాకే ఊడుస్తాడట. వాడికి ఉంగరం పెట్టిన దాత ఎవరమ్మా, ఏదో పాతిపెట్టాడు, దొరలు మూటాముల్లె సర్దుకుని పోగానే తవ్వుకుని ఒరాన్‌లో మేడ కొంటాడు చూడండి, అని యామ్నా తేల్చేసింది.

కద్దూరు తల్లి ఎంబార్కా అక్కడే ఉంది. కాలిన రొట్టెలు తట్టలో సర్దుకుని, వెతికేది ఉంగరం కాదులే అని ఒక్క ముక్క అని లేచి వచ్చేసింది.

ఆ బుధవారం పొద్దున కూడా కద్దూరు అలాగే గొంతుక్కూచుని ఉన్నాడు. ఫిబ్రవరి చలి ఇంకా నేలను వదల్లేదు. తలపాగా చెంగు ముక్కు మీదికి లాక్కుని, కళ్ళు సగం మూసి చూస్తున్నాడు. నలభై మూడేళ్ళ మనిషి. పొట్టి. చీపురు పట్టీ పట్టీ కుడిభుజం ఎడమదానికంటే రెండువేళ్ళు కిందికి దిగింది. అరచేతులు ఒంటె మోకాళ్ళలా కాయలు కాశాయి. కనురెప్పల వెంట్రుకల్లో ఎప్పుడూ ఇసుక ఉంటుంది. ఎంత కడుక్కున్నా పోదు. అతనూ పట్టించుకోడు.

ఎదుట కాంక్రీటు అరుగు, అయిదు కళ్ళాలంత వెడల్పు. దాని నడుమ ఇనప చట్రాన్ని ఆనుకుని పది నిలువుల ఎత్తున రాకెట్టు. దానికి వజ్రం అని పేరు పెట్టుకున్నారు దొరలు. దాని నెత్తిన కూర్చున్న ఉపగ్రహం పేరు కిరీటం. పోయిన బుధవారం ఒక కిరీటాన్ని పంపారు, ఇది రెండోది. ఇక్కణ్ణించి లేచేవాటిలో ఇదే ఆఖరిది. ఎండలు ముదిరేలోపు స్థావరం ఖాళీ చేసి, తాళాలు అప్పగించి వాళ్ళు ఓడెక్కాలి. స్వాతంత్ర్యం కోసం వాళ్ళతో జరిగిన యుద్ధం ముగిసినప్పుడు రాసుకున్న ఒప్పందం అది.

ఆ కిరీటానికి అద్దాలు పొదిగారు. కిందినుంచి వెలుగు వేస్తే అద్దాలు దాన్ని వెనక్కి కొడతాయట. వెలుగు పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి భూమి కొలతలు తీస్తారట, ఎక్కడినుంచి ఎక్కడికి ఎంతో, పొరపాటు రాకుండా. ఈ సంగతి విన్నరోజు కద్దూరు తన కుడిచేతిని జాన చాచి చూసుకున్నాడు. తనూ ఒకసారి కొలిచాడు. పదకొండు వచ్చింది. అందులో వెంట్రుకంత పొరపాటు లేదు.

రాత్రి గాలి అరుగు మీద పలచటి ఇసుక పొర పరిచి పోయింది. తెల్లవారినప్పటినుంచి తిరిగినవాళ్ళంతా దాని మీద ఉన్నారు. ఈ పరుగు కళ్ళజోడు ఇంజనీరుది, రాత్రి నిద్రపోలేదు, అడుగు సూటిగా పడటం లేదు. ఇది కాపలావాడిది, కొత్త బూట్లు కరుస్తున్నాయి, వేళ్ళ మీద నడుస్తున్నాడు. కద్దూరు తండ్రి బిడారులకి జాడలు చూసిపెట్టే మనిషి. బూటును చూడకు, బరువు ఎక్కడ దిగిందో చూడు, బూటు మారుస్తారుగాని బరువు దించే తీరు ఎవడూ మార్చుకోలేడు అని చిన్నప్పుడే నేర్పాడు. ఈ విద్య తనకుందని కద్దూరు స్థావరంలో ఒక్కడికీ చెప్పలేదు. ఊడ్చేవాడికి ఊడవటమే తెలుసనుకున్నారు వాళ్ళు.

మెట్ల దగ్గర అతని చూపు ఆగింది. ఉంది. కుడి మడమ బయటి అంచు మీద దిగుతుంది. ఎడమపాదం ప్రతి అడుగుకీ వేలెడు బయటికి తిరుగుతుంది, ఎప్పుడో మోకాలు విరిగి వంకరగా అతుక్కున్నవాడిలా. నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న అడుగే. చూసిన ప్రతిసారీ అతని నోట్లో నీళ్ళు ఇంకిపోతాయి.

తొమ్మిదేళ్ళ కింద, యుద్ధం ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆగస్టులో, తప్పిపోయిన ఆడ ఒంటెను వెతకబోయిన తమ్ముడు మిలూద్ నాలుగు రోజులైనా రాలేదు. కద్దూరు జాడ పట్టుకుని పోయాడు. ఎవరూ రాకూడదని ఫ్రెంచి సైన్యం గీత గీసిన చోటికి రెండు మైళ్ళు లోపల, ఎర్రబావి దారిలో దొరికాడు. తొడలో తూటా. ఆ తూటాకి మనిషి చావడు. మిలూద్ తలపాగా చించి తొడకి కట్టు కూడా కట్టుకున్నాడు. పక్కన నీళ్ళుంటే ఇంకో రెండు రోజులు ఆగి ఉండేవాడు. నిండు తోలుతిత్తి వీపున వేసుకుని బయల్దేరిన మనిషి అతను.

మిగతాది ఇసుక చెప్పింది. బూట్లవాడు ఒక్కడే. వచ్చాడు. పడి ఉన్నవాణ్ణి కాలితో దొర్లించాడు. భుజాన ఉన్న తిత్తి లాగాడు. కొంచెం పక్కకి వెళ్ళి, మూతి విప్పి, నిలబడి మొత్తం పారబోశాడు. తిత్తిని అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. ఆ బూటు అడుగులను చెరుపుతూ, వాటి మీదుగా, మనిషి పాకిన జాడ ఉంది. మిలూద్ పడ్డ చోటినుంచి, తడిసి గట్టిపడ్డ ఇసుకదాకా. కద్దూరు మోకాళ్ళ మీద కూర్చుని జానలు వేసుకుంటూ కొలిచాడు. పదకొండు. మిలూద్ నోటినిండా ఆ ఇసుకే ఉంది.

శవాన్ని పూడ్చి ఇంటికొచ్చి కద్దూరు కత్తి నూరుకుంటుంటే తల్లి వచ్చి ఎదుట కూర్చుంది. ఏడవలేదు.

"తూటా యుద్ధానిది. యుద్ధంలో ఎవడైనా కాలుస్తాడు," అంది. "నీళ్ళు మాత్రం వాడివి. కత్తి పెట్టి పొడిస్తే వాడు నీళ్ళ సంగతి ఎరగకుండానే పోతాడు. వాడు నిన్ను నీళ్ళు అడగాలి. అడిగాక పారబొయ్యి."

తిత్తిని ఆమె వాకిట్లో గుంజకి వేలాడదీసింది. తొమ్మిదేళ్ళలో అది ఎండి ముడుచుకుని, గాలికి గుంజను తట్టినప్పుడల్లా చెక్కలా చప్పుడు చేస్తుంది. మిలూద్ పేరెత్తి ఓదార్చబోయినవాళ్ళెవరికీ ఆమె ఇంట్లో టీ పొయ్యదు. ఇంకా అవలేదు, అయ్యాక రండి అంటుంది.

అప్పుడు కద్దూరు స్థావరానికి వెళ్ళి ఊడ్చే పని అడిగాడు. ఒంటెలు కాచుకునే తెగవాడు చీపురు అడిగేసరికి మేస్త్రీ నవ్వాడు. కాని అరుగు ఊడ్చేవాడి కళ్ళముందునుంచే కదా అందరూ నడిచి పోతారు. నాలుగున్నరేళ్ళు కాళ్ళు చదివాడు. వేలకొద్దీ కాళ్ళు. యుద్ధం ముగిసింది, సైనికులు పోయారు, కొంతమంది సైన్యం వదిలి స్థావరం పనుల్లోకి మామూలు బట్టల్లో తిరిగొచ్చారు. అలాంటి ఒక ఉదయం ఆ కుడిమడమ అరుగు మీద కనిపించింది. ఆరోజు కద్దూరు ఆ ఒక్క అడుగునీ వదిలి చుట్టూ ఊడ్చాడు. మధ్యాహ్నందాకా ఊడ్చిన అరుగు మీద అది ఒక్కటే మిగిలింది.

ఆ కాలివాడి పేరు రూసెల్. ఇంధనం మండటానికి రాకెట్టు కడుపులో పోసే యాసిడ్ గొట్టాల మీద పెద్ద. యాభై దాటిన మనిషి, ఎర్రటి మెడ, ఎప్పుడూ ఏదో కూనిరాగం. చెడ్డవాడిలా ఉండడు. అదే కద్దూరుకి మరీ మంట. ఒకసారి నీ తల్లికి ఒళ్ళునొప్పులటగా అని మాత్రలు తెచ్చిచ్చాడు. కద్దూరు వంగి దణ్ణం పెట్టి తీసుకుని, గేటు దాటాక ముళ్ళపొదలో పారేశాడు. రోజూ పొద్దున మెట్లెక్కుతూ రూసెల్ ఒకే హాస్యం ఆడతాడు. రోజూ కద్దూరు ఒకే జవాబు చెబుతాడు. నాలుగేళ్ళు.

ఇవాళా అంతే.

"ఏం చీపురూ, సహారా ఊడవటం అయిందా?"

"సగం అయింది దొరా."

రూసెల్ నవ్వాడు. వెళ్ళబోయి ఆగాడు. హమ్మూ పని మానేసి బెషార్ పట్నం వెళ్ళిపోయాడనీ, ఇవాళ రాకెట్టు లేచాక గొట్టాలు మూసేటప్పుడు నీళ్ళ మనిషి లేడనీ చెప్పాడు. అది అక్కడి కట్టుబాటు. యాసిడ్ గుంటలోకి ఎవరు దిగినా, వెనక పది అడుగుల దూరంలో ఒకడు నిండు నీళ్ళ డబ్బాతో నిలబడాలి. ఒంటి మీద యాసిడ్ పడితే ఆ క్షణంలో నీళ్ళు పడాలి. ఎనిమిదేళ్ళుగా ఆ డబ్బా హమ్మూ చేతిలోనే ఉండేది. పంపు తిప్పితే నీళ్ళొచ్చే ఆ స్థావరంలో రూసెల్ తనని నీళ్ళు అడిగే రోజు రాదని కద్దూరు ఆశ వదులుకున్నాడు. ఈమధ్య రాత్రుళ్ళు కత్తి గుర్తొస్తోంది.

"నువ్వు మోయగలవా? ఇరవై లీటర్లు," అన్నాడు రూసెల్. "నేను అరిస్తే పొయ్యడమే. ఇంకేం తెలియనక్కర్లేదు."

"మోస్తాను దొరా," అన్నాడు కద్దూరు.

అరుగంతా ఊడ్చాడు. ఎప్పటికంటే శుభ్రంగా ఊడ్చాడు. ఆ కుడిమడమ జాడను చివర ఊడ్చాడు. తర్వాత కుళాయి దగ్గర డబ్బా నిలబెట్టి నింపాడు. ముదురాకుపచ్చ ఇనప డబ్బా, నడుమ తెల్లరంగు గీత, గొలుసుకి వేలాడే మూత. అంచు దాటి నీళ్ళు పొర్లేదాకా కుళాయి కట్టలేదు.

పది గంటలకి కూత వేశారు. అందరూ అర మైలు దూరాన మట్టిగుట్ట వెనక కందకంలోకి దిగారు. కద్దూరు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కవాళ్ళు అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. భూమి ముందు వణికింది, చప్పుడు తర్వాత వచ్చింది. పళ్ళు కదిలిపోతాయా అన్నట్టు వచ్చింది. డబ్బాలో నీళ్ళు మూతకి కొట్టుకోవడం అరచేతులకి తెలిసింది. తలెత్తితే మంట తోక మీద వజ్రం లేచిపోతోంది, మెల్లగా, తర్వాత ఉన్నట్టుండి వేగంగా. ఆకాశంలో తెల్లగీత మిగిలింది. గాలి దాన్ని కూడా వంకర చేసింది.

కాసేపటికి కందకంలో కేరింతలు లేచాయి. రెండో కొలిమి వెలిగింది, మూడోది వెలిగింది, కిరీటం తిరుగుతోంది అని ఒకరికొకరు చెప్పుకుని కావలించుకున్నారు. కళ్ళజోడు ఇంజనీరు ఏడ్చేశాడు. సీసాలు తెరిచారు. రూసెల్ ఒక గుక్క తాగి, గొట్టాలు కట్టేసి వస్తాను నా వాటా ఉంచండి అని లేచాడు. చేయి ఊపి కద్దూరుని పిలిచాడు.

అరుగు మీద ఒక్క అడుగుజాడ లేదు. మంట ఊడ్చిపారేసింది. ఇన్నేళ్ళలో తను ఎప్పుడూ ఊడవలేనంత బాగా. దాని మీద సన్నటి మసి పరుచుకుంది. ఆ మసిలో రూసెల్ నడిచాడు. కుడిమడమ బయటి అంచు, ఎడమపాదం వేలెడు వంకర. లోకంలో ఇక వేరే కాళ్ళే లేనట్టు ఆ రెండే. కద్దూరు వాటిని తొక్కకుండా పక్కనే నడిచాడు, డబ్బా భుజాన పెట్టుకుని.

ముఖానికి తొడుక్కోవలసిన ముసుగు రూసెల్ మెడలో వేలాడుతోంది. ఎప్పుడూ అంతే, ఊపిరాడదంటాడు. కూనిరాగం తీస్తూ ఇనపమెట్లు దిగాడు. గుంటలో చక్రం తిప్పుతున్న కిరకిర వినిపించింది. ఆగింది. మళ్ళీ తిప్పాడు. బుస్సుమంది. రాగం తెగిపోయింది. గుంట నోట్లోంచి ఇటుకరంగు పొగ లేచింది. దాంట్లోంచి రూసెల్ పైకొచ్చాడు. మెట్ల మీద రెండుసార్లు బూటు తప్పింది. ముఖం మీద, చేతుల మీద పసుపు మరకలు పొంగుతున్నాయి. కళ్ళు మూసుకుపోయాయి. మోకాళ్ళ మీద పడ్డాడు.

"నీళ్ళు," అన్నాడు. "చీపురూ, నీళ్ళు పొయ్యి."

పది అడుగుల దూరంలో కద్దూరు డబ్బా దింపాడు. మూత విప్పాడు. గొలుసు చప్పుడు విని రూసెల్ ముఖం అటు తిప్పాడు.

"ఎక్కడున్నావురా? కళ్ళు పోతున్నాయి, తొందరగా."

"ఎర్రబావి దారి గుర్తుందా?" అన్నాడు కద్దూరు. నాలుగేళ్ళలో మొదటిసారి మాట చివర దొర లేడు. "ఆగస్టు. తొడలో తూటా తిన్నవాడు ఒకడు. వాడి తోలుతిత్తి విప్పి నువ్వు నీళ్ళు పారబోశావు. గుర్తుందా?"

తడుముతున్న చేతులు ఆగిపోయాయి. పొగ గాలికి అవతలివైపు వాలింది. దూరంగా కందకం దగ్గర ఎవరో పాట ఎత్తుకున్నారు.

"నువ్వెవరు?"

"వాడి అన్నని."

రూసెల్ దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"చచ్చిపోయాడనుకున్నాను," అన్నాడు. "కాలితో కదిపి చూశాను. నీళ్ళు మీ తుపాకులవాళ్ళకి దొరక్కూడదని... చచ్చిపోయాడనుకున్నాను."

"పదకొండు జానలు పాకాడు, నువ్వు పోయాక."

రూసెల్ తల వంచుకున్నాడు. వంగి వంగి నుదురు కాంక్రీటుకి ఆనింది. కద్దూరు ఎదురుచూశాడు. ఈ క్షణాన్ని తొమ్మిదేళ్ళు చెక్కుకున్నాడు. ఇందులో వాడు పొర్లుతాడు, కాళ్ళు పట్టుకుంటాడు, నీళ్ళు నీళ్ళు అని నాలుక బయటపెడతాడు. తను వింటాడు. కడుపునిండా విని, అప్పుడు పారబోస్తాడు.

రూసెల్ ఇంక నీళ్ళు అడగలేదు.

"అడుగు," అన్నాడు కద్దూరు.

రూసెల్ ఊపిరి కొలిమితిత్తిలా లాగుతోంది.

"అడగరా!"

మసి మీద రూసెల్ వేళ్ళు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. అంతే. కద్దూరుకి ఒళ్ళంతా మండుకొచ్చింది. ఈ నోరు మూసుకోవడం కూడా వాడే ఎంచుకున్నాడు. తమ్ముడికి ఆ పాటి ఎంపిక కూడా మిగల్చనివాడు. రెండు అంగల్లో దగ్గరికి వెళ్ళాడు. రూసెల్ తలనుంచి అరుగు అంచుదాకా చూపుతోనే కొలుచుకున్నాడు. తొమ్మిది, పది, పదకొండు. అక్కడ, కాంక్రీటు అయిపోయి ఇసుక మొదలైనచోట, డబ్బా వంచాడు. ఇరవై లీటర్ల డబ్బా ఒకేసారి ఖాళీ కాదు. గుటకలు వేస్తుంది. గుడుక్ గుడుక్‌మని ఒక్కో గుటకా వేస్తూ కారింది. ప్రతి గుటకా రూసెల్ విన్నాడు. తల తిప్పలేదు. ఇసుక మొత్తం తాగేసి కాసేపు నల్లగా ఉండి, మెల్లగా మళ్ళీ పసుపుపచ్చ అవడం మొదలుపెట్టింది.

పొగ చూసి ఎవరో కేక వేశారు. నీళ్ళ లారీ వచ్చింది. గొట్టంతో రూసెల్‌ని తలనుంచి కాళ్ళదాకా తడిపారు. అరుగంతా వరదైంది. కద్దూరు కూడా తడిశాడు. చేతిలో ఖాళీ డబ్బా ఉంది. లారీ డ్రైవరు బెల్ఖీర్ ఆ డబ్బాని చూసి అతని వీపు తట్టాడు.

ఇంటికి పొమ్మన్నారు. కద్దూరు పోలేదు. చీపురు తెచ్చుకుని ఆసుపత్రి గది వరండా ఊడ్చాడు. ఇప్పుడో ఇంకాసేపటికో కాపలావాళ్ళు వస్తారు. వాడు చెప్పి ఉంటాడు. చెప్పనీ. పట్టుకుపోనీ. కిటికీలోంచి మాటలు, మధ్యమధ్య దగ్గు. రూసెల్ కళ్ళకి గుడ్డ కట్టించుకుని లేచి కూర్చున్నాడు, కాఫీ తాగాడు, కిరీటం సరిగా తిరుగుతోందా అని కూడా అడిగాడట. గుమ్మం పక్కన అతని బూట్లు విప్పి పెట్టారు. ఒకటి పక్కకి పడి, మడమ అడుగు కనిపిస్తోంది, బయటి అంచున అరిగి. కద్దూరు వాటి చుట్టూ ఊడ్చాడు.

పొడుగాటి ముసలి డాక్టరు బయటికొచ్చాడు. కద్దూరు చీపురు గోడకి ఆనించి రెండు చేతులూ ముందుకి పెట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని ఊపాడు.

నీళ్ళు నువ్వే పోశావని రూసెల్ చెప్పాడు, అన్నాడు. ఆలస్యం లేకుండా పోశావట, ఒక్క బొట్టు మిగల్చలేదట. నీళ్ళు చర్మానికి పనికొస్తాయి, లోపలికి పీల్చిన పొగకి కాదు. ఇప్పుడు బాగానే ఉన్నట్టుంటాడు, సాయంత్రందాకా ఉండడు. బావెడు నీళ్ళు పోసినా అంతే. నువ్వేం మనసులో పెట్టుకోకు.

ఆయన లోపలికి వెళ్ళాక కద్దూరు నిలబడ్డచోటే ఉండిపోయాడు. వాడు ఎందుకు అలా చెప్పాడు? తనను కాపాడాడా? ఎర్రబావి దారి సంగతి బయటికి రాకుండా తనని తానే కాపాడుకున్నాడా? అడుగుజాడైతే చదివేవాడు. ఇది ఏ ఇసుక మీదా పడలేదు. వాడు తనకి మాత్రలు ఇచ్చినట్టే ఇదీ ఇచ్చాడు. తొమ్మిదేళ్ళ పగ తీసుకుని, దానికి దయ అని పేరు రాసి తిరిగి చేతిలో పెట్టాడు. కిటికీ దగ్గరికి పోయి అబద్ధమని అరవాలనిపించింది. ఆగాడు. ముందు తల్లి వినాలి. ఆ తర్వాత ఎవరైనా.

పొద్దు వాలేవేళ దగ్గు ఆగింది. ఒక పనివాడు వచ్చి బూట్ల లేసులు రెండూ కలిపి ముడేసి, అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు. కద్దూరు అప్పుడు ఊడవటం ఆపాడు.

గేటు దగ్గర స్థావరం పెద్ద ఆపి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఊపిరి ఇంకా సారా వాసన కొడుతోంది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మేమెలాగూ వెళ్ళిపోతున్నాం, ఇది నీ దగ్గర ఉండనీ అని ఆ నీళ్ళ డబ్బాని కద్దూరుకి బహుమానంగా ఇచ్చాడు. కద్దూరు రెండు చేతులతో అందుకున్నాడు. వేరే ఏం చెయ్యాలో తోచలేదు.

బెల్ఖీర్ లారీలో ఊరికి తీసుకొచ్చాడు. దారిలో ఎవరు ఎదురైనా ఆపి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నీళ్ళు ఎక్కువయ్యాయి. ఇంటికి చేరేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు. యామ్నా చాప మీద కూర్చుని, తనే అక్కడుండి చూసినట్టు మొదలుపెట్టేసింది. ఎంబార్కా గుంజకి ఆనుకుని, ఎండిన తిత్తి కింద కూర్చుని ఉంది. కొడుకు వంక చూడలేదు. మిలూద్ నీళ్ళు పారబోసింది ఆ రూసెలేనని ఆ వాకిట్లో ఆమెకీ కద్దూరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

"నీ కడుపు చల్లగా పిన్నీ," అంటోంది యామ్నా. "ఇన్నాళ్ళూ వీడి మీద అవాకులూ చెవాకులూ పేలాను, నా నోరు పడిపోను. వాళ్ళ చేతుల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు వాళ్ళలో ఒకడికి నీళ్ళు పోశాడంటే ఎంత మనసు ఉండాలి. మిలూద్ ఆత్మ చల్లబడి ఉంటుంది. ఇకనైనా మాకు టీ పొయ్యి."

ఎంబార్కా నెమ్మదిగా చెయ్యెత్తి తిత్తిని పట్టుకుంది. దించేయడానికి కాదు. ఊగకుండా.

"పోశావా?" అంది, నేల వంక చూస్తూ.

"పోశాడు పెద్దమ్మా," అన్నాడు బెల్ఖీర్. "డాక్టరే చెప్పాడు. పోయేముందు ఆ దొర తన నోటితోనే..."

"నిన్ను అడగలేదు."

కద్దూరు డబ్బాని గడప పక్కన దించాడు. లోపల ఏమీ లేక అది డొల్లగా మోగింది. తల్లి ముందు గొంతుక్కూచున్నాడు, రోజూ అరుగు అంచున కూర్చునేలాగే.

"పోశాను," అన్నాడు. "ఇసుకలో. వాడికి పదకొండు జానల దూరంలో, వాడికి వినబడేలా."

గడప పక్కన డబ్బా మూత, గొలుసుకి వేలాడుతూ, ఇంకాసేపు ఊగింది.